గురువారాల్లో రోజెల్ ఎక్కడికి వెళ్తాడు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు నుంచి పిల్లల ఫోన్లు లేవట. రోజెల్ కాగితం మీద రాసి ఇంజనీరు లిన్‌వుడ్ చేతిలో పెట్టాడు. నాకు నోటితో చెప్పడానికి కూడా మనసు రాలేదన్నమాట.

పొద్దున ఏడింటికి అలబామా, మిసిసిపీ, ఇంకో రెండు రాష్ట్రాల్లో వంటింట్లో రేడియో పెట్టుకునే మన నల్లవాళ్ళందరూ ఎదురుచూసేది ఆ ఫోన్ల కోసమే. ఫీజు కట్టలేక ఆఖరి సంవత్సరంలో చదువు ఆపేయబోతున్న పిల్లో పిల్లాడో ఫోన్ చేస్తారు. రోజెల్ గాడ్స్‌డెన్ వాళ్ళని కాసేపు నవ్వించి, కాసేపు ఏడిపించి, చివరికి "తెల్లవాళ్ళ కాలేజీలు మనల్ని గడప తొక్కనివ్వని రోజుల్లో మన ముత్తాతలు ఇటుక మీద ఇటుక పెట్టి కట్టుకున్న కాలేజీ అది. అక్కడి నుంచి నిన్ను ఒట్టి చేతులతో ఇంటికి పంపిస్తామా బిడ్డా?" అంటాడు. జనం డబ్బు పంపుతారు. దానికి ఆయన పెట్టిన పేరు 'ఆఖరి మెట్టు'. ఎంతమందిని ఎక్కించాడో ఆ మెట్టు.

ఇప్పుడు పిల్లల కథలు ఆయనే చదువుతాడట. పిల్లల గొంతు వద్దు, ఈయన గొంతు చాలు.

పందొమ్మిదేళ్ళుగా ఆ మైకుకి ఇవతల కూర్చుని వార్తలు చదువుతున్నాను. పేరు పెరిగిన మనిషి ఎలా మారతాడో దగ్గర్నుంచి చూస్తున్నది నేనే.

ఫిబ్రవరి 6, గురువారం

షో అయ్యాక ముగ్గురం కలిసి మూలనున్న హోటల్లో మెత్తటి బన్నుల్లాంటి బిస్కట్లూ గ్రేవీ తినడం ఎప్పుడూ ఉన్నదే. రోజెల్ రాలేదు. నెల రోజులుగా ఏ గురువారమూ రావడం లేదు. డ్రైవర్ని ఇంటికి పంపేసి, కారు తనే తీసుకుని పోయాడని లిన్‌వుడ్ చెప్పాడు. ఎక్కడికని అడిగితే, "నేను ఇంజనీర్ని మిస్ వెర్లీన్, జ్యోతిష్కుణ్ణి కాదు" అన్నాడు.

లిన్‌వుడ్‌కి తెలుసనే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నిన్న ఎక్కడికి వెళ్ళావని వెనకనుంచి మామూలుగా అడిగాను. నా వైపు తిరిగి, "అవును, వాన బాగానే పడింది" అన్నాడు. మాట దాటెయ్యడంలో కూడా ఇంత నిర్లక్ష్యమా.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ మధ్య నా జోకులకి నవ్వడం లేదు. నవ్వినా ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతున్నాడు, ఎవరో మోచేత్తో పొడిస్తే నవ్వినట్టు. ఇవాళ నేను తల వంచుకుని వాతావరణం చదువుతూ మంచి మాట ఒకటి విసిరాను. స్టూడియో గాజు గోడ అవతల లిన్‌వుడ్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. రోజెల్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఇంకొకటి రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. నేను మాట్లాడుతుంటే నా కళ్ళలోకి చూడడు. నా నోటి వైపే చూస్తాడు. ఇవాళ చాలాసార్లు చూశాడు.

రోజెల్ భార్య ఆర్నెటా నాకు స్నేహితురాలు. ఆమె పెళ్ళిలో పక్కన నిలబడ్డదాన్ని. అది గుర్తు పెట్టుకుంటే చాలు.

ఫిబ్రవరి 13, గురువారం

మందుల షాపులో ముదురు ద్రాక్షరంగు లిప్‌స్టిక్ చవగ్గా ఇస్తుంటే కొన్నాను. చవక కాబట్టే.

రోజెల్ ఇవాళా ఒక్కడే కారులో వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చి మెట్ల మీద ఆర్నెటాని కదిపాను. రోజెల్‌కి గురువారం గురువారం 'ఆఖరి మెట్టు' కమిటీ మీటింగు ఉంటోందని చెప్పింది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. క్రిస్మస్ తర్వాత మీటింగే జరగలేదు. ఆ ముక్క ఆమెతో అనలేదు.

ఇంట్లో కూడా మాటలు తగ్గించేశాడని, టీవీ మాత్రం గోడలు అదిరేలా పెట్టుకుంటున్నాడని అంది. "నా మాట వినబడకుండా ఉండటానికేమో వెర్లీన్" అని నవ్వింది. ఆ నవ్వులో పస లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఆయన వెనకే వెళ్ళాను.

ఇది నా కోసం కాదు. అటు ఆర్నెటా ఉంది, ఇటు మనల్ని నమ్మి డబ్బు పంపే జనం ఉన్నారు. ఎవరో ఒకరు చూడాలి కదా.

మా బర్మింగ్‌హామ్ దాటి దక్షిణంగా హైవే పట్టాడు. పైన్ చెట్లు, దున్నిన పత్తి చేలు, ఆ తర్వాత మార్‌బ్రీ కాలేజీ గేటు. మనవాళ్ళ కాలేజీల్లోకెల్లా చిన్నది. ఎర్ర ఇటుక భవనాలు, ఒక గంటస్తంభం, అంతే. రోజెల్ ఏటా వచ్చే చోటే, కానీ వచ్చినప్పుడు బ్యాండు ఉంటుంది, జనం ఉంటారు. ఇవాళ టోపీ కళ్ళ మీదకి లాక్కుని పక్క గేటులోంచి వెళ్ళాడు.

మెట్ల మీద ఒక అమ్మాయి ఎదురుచూస్తోంది. ఎక్కడో చూసినట్టుందే అనుకుని తర్వాత గుర్తుపట్టాను. పోయిన అక్టోబరులో 'ఆఖరి మెట్టు' కింద ఫీజు కట్టిన పిల్ల, కెజాయా బ్రాడ్‌నాక్స్. అప్పుడు ఇక్కడే వేదిక మీద నిలబడి రోజెల్‌ని ఏదో అడిగింది. ఆయన దానికి సంబంధం లేని జవాబు చెప్పాడు, జనం నవ్వారు. తర్వాత ఆ పిల్ల ఆయన దగ్గరికి వెళ్ళి ఏదో అంది. ఆయన మొహం పాలిపోయింది. ఆ రోజే నాకు తేడాగా అనిపించింది.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. కింది అంతస్తులో ఒక గది. ఆ పిల్ల కర్టెను లాగేసింది.

చాలాసేపు కారులో కూర్చున్నాను. బయటికి వచ్చేటప్పుడు ఆయన నవ్వుతున్నాడు. అలాంటి నవ్వు స్టూడియోలో చూసి ఎన్నాళ్ళయిందో. ఆ పిల్ల ఆయన గడ్డం కింద వేలు పెట్టి మొహం తన వైపు తిప్పుకుని ఏదో చెప్పింది.

ఆమె వయసు ఆయన చిన్న కూతురి కంటే తక్కువే ఉంటుంది.

ఫిబ్రవరి 21

ఏమీ రాయాలని లేదు.

మార్చి 4, మంగళవారం

ఇక దాచడానికి కూడా ప్రయత్నించడం లేదు.

వచ్చే సోమవారం నుంచి విరాళాల వారం. స్టేషన్ మేనేజరు పట్టుబట్టి ఫోన్లు మళ్ళీ పెట్టించాడు, పిల్లల గొంతు లేకపోతే జనం డబ్బు పంపరని. రోజెల్ చాలాసేపు వాదించి చివరికి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. వారమంతా మార్‌బ్రీ నుంచి కెజాయా బ్రాడ్‌నాక్స్ వచ్చి తన ఎదురుగా, నా కుర్చీలో, కూర్చోవాలి. నేను పక్కన కూర్చోవాలి.

"విద్యార్థుల తరఫున ఒక విద్యార్థి ఉంటే బావుంటుంది కదా చెల్లెమ్మా" అన్నాడు.

బావుంటుందన్నాను.

మార్చి 5, బుధవారం

మార్‌బ్రీలో విద్యార్థుల డీన్ కోరీన్ పీబుల్స్ నా క్లాస్‌మేట్. ఫోన్ చేశాను. ఆరోపణ ఏమీ చెయ్యలేదు. గురువారం గురువారం కింది గదిలో కర్టెన్లు ఎందుకు వేస్తున్నారో ఒకసారి కనుక్కోమన్నాను, అంతే. ఆ పిల్లకి తండ్రి లేడు, అమ్మమ్మ పెంచింది. అలాంటి పిల్లని కాపాడుకోవలసింది పెద్దవాళ్ళే కదా.

కోరీన్ గది ఏదో అడిగి రాసుకుంది. తర్వాత, "నువ్వు చెప్పావని ఎక్కడా రానివ్వను" అంది.

నేను అడక్కుండానే అంది. నా గొంతులో ఏం విన్నదో.

మార్చి 7, శుక్రవారం

నిన్న రోజెల్ వెళ్ళేసరికి గది తాళం వేసి ఉందట. ఇవాళ మొహం బూడిదరంగులో ఉంది.

కోరీన్ ఫోన్ చేసింది. పిల్లని పిలిచి అడిగిందట. ఆ గదిలో మీరిద్దరూ ఏం చేస్తున్నారని ఎన్ని రకాలుగా అడిగినా, తప్పు ఏమీ జరగలేదు, అంతకు మించి చెప్పను, మాట ఇచ్చాను అంటుందట. ఏం మాట, ఎవరికి అంటే నోరు విప్పదట. విచారణ తేలేదాకా బర్మింగ్‌హామ్ వెళ్ళకూడదని, ఆయన్ని కలవకూడదని కోరీన్ ఆమెకి చెప్పేసిందట. హాస్టల్లో అప్పుడే పేరు పెట్టేశారట, రేడియో రాణి అని.

తప్పు లేకపోతే ఎందుకు చెప్పదు? నేను అడిగేది అదొక్కటే.

నా కుర్చీ నా దగ్గరే ఉంది.

మార్చి 10, సోమవారం

సెల్మా నుంచి మిసెస్ టిప్టన్ అని ఒకావిడ ఫోన్ చేసింది. ఆమె కొడుకు మార్సెలస్ 'ఆఖరి మెట్టు' మొదటి పిల్లల్లో ఒకడు. స్కూల్లో లెక్కల టీచరయ్యాడు. అందరం ఎరుగుదుం అతన్ని. ఆవిడ మెల్లగా, ప్రార్థనలో మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

"మా మార్సెలస్ పోయిన మంగళవారం కారు ప్రమాదంలో దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాడు మిస్టర్ గాడ్స్‌డెన్. వాడి పేరు మీద ఇంకో పిల్లాడిని చదివించాలని ఉంది."

రోజెల్ పెద్దగా నవ్వాడు.

"అమ్మా, పొద్దున్నే ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది. మన మార్సెలస్‌కి గట్టిగా చప్పట్లు" అని, చప్పట్ల మోత వచ్చే మీట నొక్కాడు.

నాలుగు రాష్ట్రాల్లో ఆ చప్పట్లు మోగాయి.

గాజు అవతల లిన్‌వుడ్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఫోన్లో ఆవిడ ఊపిరి తప్ప ఏమీ లేదు. రోజెల్ మా మొహాలు చూశాడు. ఏదో జరిగిందని అర్థమైంది, ఏం జరిగిందో అర్థం కాలేదు. అప్పుడు నా వైపు తిరిగాడు. నా కళ్ళ వైపు కాదు. నోటి వైపు. బావిలో పడ్డవాడు పైకి చూసినట్టు.

అప్పుడు తెలిసింది.

నేను గొంతు రానివ్వకుండా పెదాలు మాత్రమే కదిపాను. చనిపోయాడు.

ఆయన అది చదివాడు. చదవడం చూశాను.

మార్చి 11, మంగళవారం

రెండేళ్ళుగా చెవులు పోతున్నాయట. పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ గొంతు గుర్తుపట్టనివాళ్ళు లేరు. మధ్యాహ్నానికల్లా ప్రకటనలిచ్చేవాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళు తప్పుకుంటే షో పోతుంది, షోతోపాటు 'ఆఖరి మెట్టు' పోతుంది. అందుకని దాచాడు. వినేవాళ్ళ నుంచి, మేనేజరు నుంచి, భార్య నుంచి, నా నుంచి.

ఒక్క కెజాయా కనిపెట్టింది. ఆ పిల్ల చదువే అది, వినపడని వాళ్ళకీ మాట రాని వాళ్ళకీ నేర్పడం. అక్టోబరులో వేదిక మీద ఆయన తప్పు జవాబు చెప్పగానే పోల్చుకుంది. "మీకు వినిపించలేదు కదా సార్, నేను నేర్పిస్తాను" అందట చెవి దగ్గర. జనవరి నుంచి ప్రతి గురువారం ఆ గదిలో ఆయనకి పెదాలు చదవడం నేర్పుతోంది. పాట, బాట, మాట మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయట, ఏది ఏదో చుట్టూ ఉన్న మాటల్ని బట్టి పట్టుకోవాలట. ఈ వారమంతా ఎదురుగా కూర్చుని, హెడ్‌ఫోన్లలో విన్న ప్రతి మాటా పెదాలతో ఆయనకి అందించాలని వాళ్ళు అనుకున్నారు.

ఎవరికీ చెప్పకూడదని ఆయనే ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. ఆ మాటే కోరీన్ ముందు నిలబెట్టుకుంది.

ఇదంతా నిన్న సెల్మా వెళ్తూ కారులో చెప్పాడు. నేను నడిపాను. మిసెస్ టిప్టన్ తలుపు తీసి, ఆయన్ని చూసి, లోపలికి రమ్మనలేదు. ఆయన వరండాలోనే నిలబడి టోపీ తీసి చెప్పాడు. ఆవిడ మొత్తం విని, కుర్చీ చూపించి, తియ్యటి టీ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేకపోయాడు.

నాకెందుకు చెప్పలేదని తిరుగుదారిలో అడిగాను, కారు ఆపి, మొహం ఆయన వైపు తిప్పి.

"నీ పనే వార్తలు చెప్పడం కదా చెల్లెమ్మా" అన్నాడు. నవ్వాననుకుంటాను.

మార్చి 12, బుధవారం

రోజెల్‌కి లిన్‌వుడ్ మీద అనుమానం. గురువారాల సంగతి కాలేజీకి చేరవేసింది వాడేనంటాడు. పొద్దున గుడ్ మార్నింగ్ చెప్తే పలకలేదు. లిన్‌వుడ్ వైర్లు చుట్టుకున్నాడు.

పేరు రానివ్వనని కోరీన్ మాట ఇచ్చింది. రేపు రోజెల్‌కి నేనే చెప్తాను.

నిన్నటి నుంచి ఆయన ఎదురుగా కూర్చుని పెదాలు కదుపుతున్నాను. సగం మాటలు ఆయనకి అందడం లేదు. నేను మైకు వైపు తల తిప్పేస్తానట.

మార్చి 13, గురువారం

లిన్‌వుడ్ ఉద్యోగం వదిలేస్తానని మేనేజరుతో చెప్పాడట. ఇల్లు కొనుక్కుని ఏడాది కూడా కాలేదు.

షో అయ్యాక రోజెల్ గదిలోకి వెళ్ళి తలుపు మూశాను. ఎదురుగా కూర్చుని, తొందరపడకుండా, ఒక్కో మాటా చెప్పాను. నేనే. నేనే ఫోన్ చేశాను.

అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"ఒకసారి చాలు" అన్నాడు.

కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. తర్వాత, నేను ఏమనుకుని ఫోన్ చేశానని అడిగాడు. అనుకున్నది చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "నా గురించి అనుకో, నేను ముసలివాణ్ణి, తట్టుకుంటాను. ఆ పిల్ల గురించి ఎలా అనుకున్నావు?" అన్నాడు.

అప్పుడు కుర్చీ సంగతి చెప్పాను. చెప్తుంటే అది నాకే కొత్తగా వినిపించింది.

ఆయన లేచి వెళ్ళి, గాజు అవతల లిన్‌వుడ్ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పడం కనబడింది. లిన్‌వుడ్ వైర్లు కింద పెట్టాడు.

మార్చి 14, శుక్రవారం

విరాళాల వారం ఆఖరి రోజు షో మార్‌బ్రీ నుంచే జరిగింది. చర్చి అంత హాలు, నిండా పిల్లలు.

షో మొదలవక ముందు హాస్టల్ అమ్మాయిల ముందు నిలబడి, కోరీన్ పక్కనుండగానే, కెజాయా మీద లేనిపోనిది అనుకున్నదీ, దాన్ని కాలేజీకి చేరవేసిందీ నేనేనని చెప్పాను. ఒక అమ్మాయి అడిగింది, "మరి మేం అన్న మాటలన్నీ ఏం చెయ్యాలి మిస్ వెర్లీన్?" అని. నేను వరసలన్నీ వెతికాను. కెజాయా వెనక వరసలో కూర్చుంది. సన్నగా, పొడుగ్గా, జుట్టు వెనక్కి కట్టుకుని. నన్ను చూడలేదు. ఆమె అమ్మమ్మ అలబామాలోనే ఉన్న యూటా ఊరి నుంచి చర్చి టోపీ పెట్టుకుని వచ్చింది. ఆవిడ మాత్రం నన్ను చివరిదాకా చూసింది.

తర్వాత రోజెల్ వేదిక ఎక్కి మైకు ముందు తన చెవుల సంగతి చెప్పేశాడు. మొదట మిసెస్ టిప్టన్‌కి క్షమాపణ చెప్పాడు. ఆ తర్వాత, "ఇన్నాళ్ళూ మీరు నా మాట విన్నారు. మీ మాట నాకు వినబడటం మానేసి చాలా రోజులైంది. సిగ్గుపడి దాచాను. నాకు మళ్ళీ మనుషులతో మాట్లాడటం నేర్పింది ఈ కాలేజీ పిల్ల. మీరు చదివించిన పిల్ల" అన్నాడు.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక కుర్రాడు లేచి రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఆడించాడు, వినబడని వాళ్ళకి కొట్టే చప్పట్లు. కెజాయా క్లాసువాడట. హాలంతా అలాగే చేతులెత్తింది. రేడియోలో మాత్రం నిశ్శబ్దమే వెళ్ళింది. లిన్‌వుడ్ దాన్ని నింపకుండా అలాగే వదిలేశాడు.

ఫోన్లు మాత్రం అందరం భయపడ్డట్టు ఆగిపోలేదు. ప్రకటనలిచ్చేవాళ్ళలో ఇద్దరు తప్పుకున్నారు, మిగతావాళ్ళు ఉన్నారు. ఈ ఏడాది చివరిదాకా షో ఉంటుందన్నాడు మేనేజరు. ఆ తర్వాత చూద్దామన్నాడు.

మార్చి 18, మంగళవారం

ఆర్నెటా ఫోన్ ఎత్తడం లేదు. భర్త తనకి చెప్పనందుకు ఎంత కోపం ఉందో, నేను ఆయన వెనక కారులో వెళ్ళినందుకు అంతే ఉందట. రోజెల్ చెప్పాడు.

ద్రాక్షరంగు లిప్‌స్టిక్ పారేశాను.

మార్చి 20, గురువారం

కెజాయా మే నెలలో పట్టా పుచ్చుకుని అట్లాంటాలో వినపడని పిల్లల బడికి టీచరుగా వెళ్ళిపోతుంది. ఈలోగా నేను పని నేర్చుకోవాలని రోజెల్ షరతు. కుర్చీ నాదే, కాని అందులో కూర్చోవడం రావాలి.

ఇవాళ మొదటి క్లాసు. అదే కింది గది. కర్టెన్లు తీసే ఉన్నాయి. ఆమే తీసిపెట్టింది.

సారీ చెప్పబోయాను. "శుక్రవారం విన్నాను. కూర్చోండి" అంది. వెలుతురు మొహం మీద పడేలా కూర్చోవాలి. తల వంచకూడదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు. గట్టిగా అరిస్తే పెదాలు వంకర పోతాయి, అరవకూడదు. వాక్యం మధ్యలో నవ్వకూడదు. నా గడ్డం కింద వేలు పెట్టి మొహం తన వైపు తిప్పుకుంది, ఆ రోజు ఆయనకి చేసినట్టే. ఎవరికైనా అలాగే చేస్తుందన్నమాట.

తర్వాత నా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, వాటిలో ఉత్త గాలిహోరు వదిలింది. ఆయనకి ఎలా ఉంటుందో తెలియాలట. ఎదురుగా కూర్చుని గొంతు లేకుండా మాటలు చెప్పింది. నాకు ఒకటీ అరా అందాయి, మిగతావి ఊహించుకున్నాను. ఊహించినవన్నీ తప్పే. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది, విసుగు లేకుండా, దయ కూడా లేకుండా.

సమయం అయిపోయింది. ఆమె పుస్తకాలు సంచిలో సర్దుకుంది. నేనింకా హెడ్‌ఫోన్లు తియ్యలేదు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, నన్ను సూటిగా చూసి, ఒక్క మాట అంది. పొడుగు మాట కాదు.

హెడ్‌ఫోన్లు లాగేసి ఏమన్నావమ్మా అని అడిగాను.

"ఒకసారే చెప్తాను మిస్ వెర్లీన్. చూసుకోవలసింది మీరు" అని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడ్డాను. ఆమె పెదాలు ఎలా కదిలాయో గుర్తు తెచ్చుకుని, గొంతు రాకుండా అని చూశాను. క్షమించాను. మళ్ళీ అన్నాను. క్షమించను.

అద్దంలో రెండూ ఒకటే.